ఒక డ్రమ్ సెట్టు, నలుగురు డ్రమ్మర్లు

నాలుగు బ్యాండ్లు వరసగా వాయించే షోలో గిటారిస్టులంతా ఎవరి గిటారు వాళ్లు భుజాన తగిలించుకుని వస్తారు. డ్రమ్మర్లు మాత్రం ఒకే సెట్టు మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. కింద నుంచి చూసేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. డ్రమ్మర్లను కదిపితే తెలుస్తుంది, ఆ సాయంత్రం టెన్షన్ పెట్టింది పాటలు కాదు, సెట్టు దగ్గరి పంపకాలని. ఏది నాది, ఏది అందరిదీ, ఏది జరపొచ్చు, ఏది ముట్టుకోకూడదు, పగిలితే డబ్బులెవరు పెట్టుకోవాలి? ఇవేవీ ఎక్కడా రాసి ఉండవు. ఒకటి రెండు దెబ్బలు తింటే గానీ ఒంటబట్టవు.

నేను తిన్న మొదటి దెబ్బ క్లచ్. స్నేర్ (కాళ్ల మధ్య పెట్టుకునే టక్కుమనే డ్రమ్), సింబల్స్ (లోహపు పళ్లాలు), పెడల్ (బాస్ డ్రమ్‌ను కాలితో కొట్టే సుత్తి మీట) అన్నీ గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాను. తీరా స్టేజీ ఎక్కి కూర్చున్నాక చూస్తే హై-హ్యాట్ స్టాండుకు, అంటే కాలితో తొక్కితే ఒకదానికొకటి తగిలే జంట సింబల్స్ ఉండేదానికి, క్లచ్ లేదు. క్లచ్ అంటే పై సింబల్‌ని స్టాండు ఊచకు బిగించి పట్టుకునే బొటనవేలంత ముక్క. అది లేకపోతే కాలితో ఎంత తొక్కినా పై సింబల్ కదలదు. నా ముందు వాయించినతను తన సింబల్స్‌తో పాటు దాన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. తప్పు పట్టడానికి లేదు, క్లచ్ అతనిదే. "అన్నా, ఎవరి దగ్గరైనా క్లచ్ ఉందా?" అని నేను స్టేజీ మీద నుంచి అరుస్తుంటే మా గిటారిస్టు మొదటి పాట ఎత్తుకున్నాడు. రెండు పాటలు పక్కనున్న పెద్ద సింబల్, రైడ్ మీదే నెట్టుకొచ్చాను. ఈలోగా ఎవరో పార్కింగ్ దాకా పరిగెత్తి అతన్ని పట్టుకున్నారు.

అంత చిన్న ముక్క ఎవరు తేవాలన్నది ముందే ఎందుకు తేలలేదు? అది తెలియాలంటే అసలు సెట్టును ఎందుకు పంచుకుంటారో చూడాలి.

మోత ఒక్కటే కారణం కాదు

బరువు మోయలేకే పంచుకుంటారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. కాలితో వాయించే పెద్ద బాస్ డ్రమ్, రెండు మూడు టామ్స్ (వేర్వేరు సైజుల డ్రమ్ములు), నాలుగైదు ఇనప స్టాండ్లు ఒక మనిషి ఒక్క విడతలో మోయగలిగే సరుకు కాదు. మోసుకొచ్చాక విప్పి, నిలబెట్టి, ఎత్తులు సరిచూసుకోవడానికి చెయ్యి తిరిగినవాడికైనా పావుగంట పైనే పడుతుంది. చిన్న స్టేజీల మీద బ్యాండుకీ బ్యాండుకీ మధ్య ఇచ్చే వ్యవధి చాలాసార్లు ఆ 15 నిమిషాలే. అందులోనే పాత సెట్టు దిగాలి, కొత్తది ఎక్కాలి, గిటారు వైర్లు మారాలి. లెక్క కుదరదు.

మిగతా సగం మైకుల దగ్గరుంది. బాస్ డ్రమ్‌కు ఒకటి, స్నేర్‌కు పైనా కిందా కలిపి రెండు, హై-హ్యాట్‌కు ఒకటి, టామ్స్‌కు మూడు, తల మీద వేలాడేవి రెండు. లెక్కేస్తే ఒక్క డ్రమ్ సెట్టుకే 9 మైకులు. ఒక్కోదానికి మిక్సర్‌లో ఒక చానెల్, ఆ చానెల్‌కు దాని సర్దుబాట్లు. సెట్టు మారిందంటే సౌండ్ ఇంజనీరు ఆ తొమ్మిదింటినీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, అదీ జనం ఎదురుగా కూర్చుని ఈలలు వేస్తుండగా. అందుకే సెట్టు కదలకుండా ఉండటం డ్రమ్మర్ల కంటే సౌండ్ ఇంజనీరుకు ఎక్కువ అవసరం. "నా సెట్టు నేను తెచ్చుకుంటా" అని ఉత్సాహంగా ఫోన్ చేసే డ్రమ్మర్‌కు నిర్వాహకుడు నీళ్లు నములుతూ జవాబు చెప్పడానికి కారణం ఇదే.

సౌండ్ చెక్ తలకిందుల వరసలో చేయడం కూడా ఇందుకే. చివర వాయించే బ్యాండు ముందు చెక్ చేసుకుంటుంది, మొదట వాయించేది చివర చేసుకుంటుంది. అప్పుడు ఆఖరి చెక్ అయిన సెట్టు ఉన్నది ఉన్నట్టుగా ఉండగానే షో మొదలుపెట్టేయొచ్చు. కొత్తవాళ్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు, "మమ్మల్ని ఆఖర్న పిలిచారు" అని. నిజానికి అందరికంటే సుఖం వాళ్లదే.

డబ్బూ చోటూ ఉన్నచోట ఈ తిప్పలన్నీ వేరే దారిలో తీరతాయి. పెద్ద ఫెస్టివల్స్‌లో చక్రాలున్న ఎత్తు బల్ల మీద రెండో సెట్టును పక్కనే మైకులతో సహా సిద్ధం చేసి ఉంచుతారు, ఒక బ్యాండు దిగగానే తోసుకొస్తారు. 1985 జులై 13న లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీకి లండన్ వెంబ్లీలో తిరిగే స్టేజీ కట్టారు, ఒకవైపు పాట నడుస్తుంటే వెనకవైపు తర్వాతి బ్యాండు సామాను సర్దుకునేలా. అంతకుముందు 1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ ఫెస్టివల్‌లోనూ ఇదే ఆలోచన చేశారు గానీ బరువుకు కింద చక్రాలు తట్టుకోలేకపోయాయి. ఇంకా వెనక్కి వెళ్తే న్యూయార్క్ హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్‌లో రెండు బ్యాండ్లకు రెండు వేదికలుండేవి. 1937 మే 11న చిక్ వెబ్ బ్యాండుకూ బెన్నీ గుడ్‌మన్ బ్యాండుకూ పోటీ జరిగింది అక్కడే. ఒకవైపు డ్రమ్స్ మీద చిక్ వెబ్ తానే, రెండోవైపు గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా, ఎవరి డ్రమ్స్ వాళ్లవే. ఆ రాత్రి గెలుపు వెబ్‌దే అంటారు. నాకైతే అంతకంటే ఆ రెండో వేదిక మీదే అసూయ.

గీత ఎక్కడ గీశారు

మామూలు షోల్లో పంచుకునే సెట్టును రెండు ముక్కలుగా చూస్తారు. షెల్స్ అని పిలిచే బాస్ డ్రమ్, టామ్స్, వాటితో పాటు స్టాండ్లు స్టేజీ మీదే ఉంటాయి. స్నేర్, సింబల్స్, బాస్ డ్రమ్ పెడల్ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, వీటి పేరు బ్రేకబుల్స్, అంటే పగిలేవి. ఈ పేరు కొంచెం తికమక పెడుతుంది. సింబల్ పగులుతుంది, సరే. స్నేర్ పగలడం నేనింతవరకు చూడలేదు. పెడల్ కూడా అంత తేలిగ్గా విరగదు. మరి వీటిని విడిగా ఎందుకు పెట్టారు?

స్నేర్ సంగతి లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 120 బీట్ల వేగంతో నడిచే పాటలో రెండో, నాలుగో బీటు మీద స్నేర్ పడుతుంది. అంటే నిమిషానికి 60 దెబ్బలు, అరగంటకు 1,800. నేల మీద నిలబడే పెద్ద టామ్, ఫ్లోర్ టామ్‌కు చాలా పాటల్లో అంతకంటే బాగా తక్కువే పడతాయి. పైగా బ్యాండు గొంతు ఎలా ఉంటుందన్నది చాలావరకు స్నేరే నిర్ణయిస్తుంది. ఒకరు చర్మం బిగించి టక్కుమనేలా పెట్టుకుంటారు, ఇంకొకరు వదులు చేసి ధబ్బుమనిపిస్తారు. పావుగంట విరామంలో ఒకే స్నేర్‌ను అటు బిగించి ఇటు వదులు చేస్తూ కూర్చుంటే అది ఎవరికీ మిగలదు.

సింబల్‌ది మరో కథ. డ్రమ్ మీద చర్మం చిరిగితే మార్చుకోవచ్చు. సింబల్‌కు చీలిక వస్తే ఇక అంతే, అతుకు పెట్టినా పాత శబ్దం రాదు. పలచని క్రాష్ సింబల్‌ను బలమైన చెయ్యి ఉన్నవాడు నిటారుగా అంచు మీద బాదితే ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం. అందుకే డ్రమ్మర్ ఎంత మంచివాడైనా సింబల్స్ అడిగితే మొహం మారిపోతుంది.

పెడల్ అయితే చెప్పుల్లాంటిది. ఇంకొకరి చెప్పులేసుకుని నడవొచ్చు, పరుగు పందెంలో దిగలేం. స్ప్రింగు ఎంత బిగువు, సుత్తి ఎంత దూరం నుంచి వచ్చి తగలాలి అన్నవి ఆ కాలికి ఏళ్ల తరబడి అలవాటైన కొలతలు.

కాబట్టి అసలు గీత పగిలేవాటికీ పగలనివాటికీ మధ్య లేదు. వాయించేవాడి చేతికీ కాలికీ అలవాటైపోయినవి ఒకవైపు, ఎవరు కూర్చున్నా పెద్దగా తేడా పడనివి ఇంకోవైపు. గొడవలన్నీ ఆ గీత మీద నిలబడ్డ వస్తువులతోనే వస్తాయి.

క్లచ్ అలాంటిదే. అది స్టాండుతో పాటు అమ్ముతారు కాబట్టి స్టాండు యజమానిది. సింబల్‌కు బిగించి ఉంటుంది కాబట్టి సింబల్‌తో పాటు సంచిలోకి వెళ్లిపోతుంది. రెండు వాదనలూ సబబే, మధ్యలో నాలాంటివాడు ఇరుక్కుంటాడు. స్టూలు కూడా అంతే. చాలాచోట్ల సెట్టుతో పాటే ఇస్తారు, కానీ ఊగిపోయే స్టూలు మీద కూర్చుని అరగంట వాయిస్తే మర్నాడు నడుము చెబుతుంది. కాస్త అనుభవమున్నవాళ్లు స్టూలు తమదే తెచ్చుకుంటారు.

వీటన్నిటికంటే చిన్నది, ఎవరూ పట్టించుకోనిది సింబల్ స్టాండు కొస. అక్కడ మరల మీద ప్లాస్టిక్ గొట్టం ఒకటి తొడిగి ఉంటుంది, దాని పైనా కిందా మెత్తటి ఫెల్ట్ బిళ్లలు, అన్నిటి మీదా రెక్కల నట్టు. నలుగురు డ్రమ్మర్లు చీకట్లో హడావిడిగా విప్పి బిగించేసరికి ముందుగా మాయమయ్యేది ఆ గొట్టమే. అది లేకపోతే సింబల్ రంధ్రం నేరుగా ఇనప మరల మీద ఆనుతుంది. ఊగినప్పుడల్లా మర ఆకురాయిలా రంధ్రం అంచును కొరుకుతుంది. కొన్నాళ్లకు గుండ్రటి రంధ్రం తాళం చెవి కన్నంలా సాగి, అక్కడి నుంచి చీలిక మొదలవుతుంది. నా రైడ్ సింబల్‌కు ఇలాంటి గాటు ఒకటుంది, ఏ షోలో పడిందో కూడా తెలియదు. నట్టు పోతే ఇంకొకటి పెడదామన్నా అన్నిటికీ ఒకటే సరిపోదు, కొన్ని స్టాండ్ల మర 8 మిల్లీమీటర్లు, కొన్నిటిది 6. గొట్టాలు, ఫెల్ట్‌లు, రెండు సైజుల నట్లు, చర్మాలు బిగించే ఒక డ్రమ్ కీ వేసిన చిన్న డబ్బా సంచిలో ఉన్నవాడు ఆ సాయంత్రం అందరికీ దేవుడిలా కనిపిస్తాడు.

ఏది జరపొచ్చు

ఆరడుగులవాడు దిగిపోయాక అయిదడుగులవాడు వచ్చి కూర్చుంటే ఏదీ అందదు. స్టూలు, సింబల్స్, స్నేర్ స్టాండు ఎత్తు మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. టామ్స్ దగ్గర మాత్రం ఆగాలి. వాటిని కొంచెం వంచుకోవచ్చు, కానీ జరిపినప్పుడల్లా మైకు కూడా జరగాలి, ఆ పని సౌండ్ వాళ్లది. టామ్ శ్రుతి మార్చడమైతే యజమానిని అడగకుండా వద్దు. నేను పాటించే గుర్తు ఒకటుంది: చేత్తో తిప్పితే తిరిగేవి జరుపుకోవచ్చు, డ్రమ్ కీ పెడితే గానీ తిరగనివి అడిగి జరపాలి. అన్నిచోట్లా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను గానీ దీనివల్ల ఇంతవరకు తిట్లు పడలేదు.

యజమాని తెలివైనవాడైతే స్టాండు గొట్టాలకు తన ఎత్తు గుర్తుగా నిలిపే మెమరీ లాక్‌లు బిగించి పెడతాడు. కింద కార్పెట్ మీద ప్రతి కాలు దగ్గరా రంగు టేపు ముక్క అంటిస్తాడు. మధ్యలో ఎవరెంత జరిపినా తన వంతు వచ్చేసరికి రెండు నిమిషాల్లో సెట్టు యథాస్థానానికి వస్తుంది. టేపు లేకపోతే ఫోన్‌లో ఒక ఫోటో తీసుకున్నా సగం పని అయినట్టే.

ఎడమచేతి డ్రమ్మర్ వచ్చినప్పుడు మాత్రం ఈ మర్యాదలన్నీ ఒక్కసారిగా బరువెక్కుతాయి. అతనికి సెట్టు అద్దంలో చూసినట్టు ఉండాలి. హై-హ్యాట్ కుడివైపుకు, ఫ్లోర్ టామ్ ఎడమవైపుకు, వాటి వెంట మైకులూ వైర్లూ. ఫిల్ కాలిన్స్, ఇయాన్ పేస్ అనే డ్రమ్మర్లు అలాగే తిప్పిన సెట్టు వాయించి పేరు తెచ్చుకున్నారు. అందరికీ ఆ వీలు ఉండదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ పుట్టుకతో ఎడమచేతివాటం, వాయించింది మాత్రం కుడిచేతి సెట్టు. టామ్స్ మీదుగా చెయ్యి తిప్పేటప్పుడు ఆయన వరసలు మిగతావాళ్లకంటే భిన్నంగా వినిపించడానికి అదొక కారణం. బిల్లీ కోబమ్ అనే డ్రమ్మర్ కుడిచేతి సెట్టును అలాగే ఉంచి, చేతులు అడ్డంగా వేయకుండా ఎడమ చేత్తోనే హై-హ్యాట్ వాయిస్తాడు. ఈ ఓపెన్ హ్యాండ్ పద్ధతి నేర్చుకున్నవాడికి పంచుకునే సెట్టుతో సగం బాధ తగ్గుతుంది. నేర్చుకోనివాడి కోసం నిర్వాహకులు చేయగలిగిన సాయం ఒకటుంది, అతని బ్యాండును మొదటో చివరో పెట్టడం. మధ్యలో పెడితే సెట్టును రెండుసార్లు తిప్పాలి, కొసన పెడితే ఒక్కసారితో పోతుంది. ఇంత తేలికైన సంగతి ఎందుకో ఎవరికీ తట్టదు.

ఎత్తుల గురించి ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. అవేవీ ప్రాణం మీదికి తెచ్చేవి కావు. 1973 నవంబర్ 20న శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో ద హూ బ్యాండు కచేరీ మధ్యలో డ్రమ్మర్ కీత్ మూన్ స్పృహ తప్పాడు. ప్రేక్షకుల్లోంచి స్కాట్ హాల్పిన్ అనే 19 ఏళ్ల కుర్రాడు స్టేజీ ఎక్కి, మూన్ కోసం అమర్చిన ఆ పెద్ద సెట్టు మీదే కూర్చుని షో ముగిసేదాకా వాయించాడు. స్టూలు ఎత్తు సరిచూసుకునే తీరిక అతనికి దొరికి ఉండదు.

పోయినదాని లెక్క

ఎక్కువ మనసులు విరిగేది ఇక్కడే. సెట్టు అద్దెకు తెచ్చినదైతే పెద్ద గొడవ లేదు. చాలాసార్లు అది వాయించే నలుగురిలో ఒకరిది అయి ఉంటుంది. "ఫలానా బ్యాండు డ్రమ్మర్ సెట్టు తెస్తాడు, మీరంతా వాడుకోండి" అని నిర్వాహకుడు మిగతా ముగ్గురికీ మెసేజ్ పెట్టేస్తాడు. ఆ ఫలానా డ్రమ్మర్‌కు సంగతి స్టేజీ దగ్గరికొచ్చాక తెలుస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

అరుగుదల వేరు, విరగ్గొట్టడం వేరు. చర్మం మీద స్టిక్ మొన పడి చిన్న చిన్న గుంటలు రావడం, బాస్ డ్రమ్ చర్మం మధ్యలో మచ్చ పడటం మామూలు వాయింపులో జరిగేవే. వాటికి డబ్బు అడగడం నాకు సబబనిపించదు. కాకపోతే గట్టి చెక్క సుత్తి ఉన్న పెడల్ తెచ్చేవాడు ఆ చర్మం మీద అతుకు ప్యాచ్ ఉందో లేదో చూసుకోవాలి, ఒత్తైన ఫెల్ట్ సుత్తి కంటే అది త్వరగా చర్మాన్ని తినేస్తుంది. స్టాండు మర పిచ్చిగా తిప్పి పాడుచేసినా, టామ్ కింద పడేసినా మాత్రం కొనివ్వాలి, అందులో చర్చ లేదు. పెడల్ బిగించేటప్పుడు బాస్ డ్రమ్ చెక్క చట్రం మీద గాట్లు పడటం ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. సెట్టు ఇచ్చేవాడు అక్కడ ఒక రబ్బరు ముక్క అంటించుకోవడమే మేలు. కొత్త చర్మాలు వేసిన రోజే సెట్టును నలుగురికి ఇచ్చి బాధపడేవాళ్లను చూశాను. వాళ్ల మీద జాలి కలగదు.

సెట్టు ఇచ్చినవాడికి దక్కాల్సినవి కూడా ఉన్నాయి. ఎత్తులు అతని కొలతలకే మొదలవ్వాలి, సౌండ్ చెక్‌లో కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి, ఆఖర్న సామాను సర్దేటప్పుడు మిగతావాళ్లు ఓ చెయ్యి వేయాలి. మూడోది ఎంత అరుదో డ్రమ్మర్లందరికీ తెలుసు.

ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే

ఇంతవరకు చెప్పింది ఒకరి తర్వాత ఒకరు వాయించే సంగతి. ఒకే పాటలో ఇద్దరు డ్రమ్మర్లు ఒకే స్టేజీ మీద ఉంటే ఇంకో చిక్కు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఇమిడ్చి చూపించినవాళ్లున్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండులో బిల్ క్రూట్జ్‌మన్, మికీ హార్ట్, ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండులో బుచ్ ట్రక్స్, జైమో దశాబ్దాల పాటు పక్కపక్కనే వాయించారు. కింగ్ క్రిమ్సన్ బ్యాండు 2014లో ముగ్గురు డ్రమ్మర్లను తెచ్చి ఏకంగా స్టేజీ ముందు వరసలో కూర్చోబెట్టింది.

ఇక్కడ అడ్డొచ్చేది అహం కంటే ముందు గాలి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు. ఇద్దరి మధ్య 6 మీటర్లుంటే ఒకరి దెబ్బ రెండోవారికి 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండోవాడు విన్నదాన్ని బట్టి వాయిస్తాడు, అతని ఆలస్యం మళ్లీ మొదటివాడికి ఇంకొంచెం ఆలస్యంగా చేరుతుంది, అతనూ ఆగి చూస్తాడు. అలా ఇద్దరూ ఒకరికొకరు దారిస్తూ పాటను నెమ్మదింపజేస్తారు. కలవాల్సిన రెండు దెబ్బలు కలవక దడ్డడ్ అని వినిపిస్తాయి. అందుకే దగ్గరగా, ఒకరి భుజాలు ఒకరికి కనిపించేలా కూర్చుంటారు, లేదా చెవుల్లో మానిటర్లు, అంటే చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. అంతకంటే ముఖ్యంగా పని పంచుకుంటారు. ఒకరు బాస్ డ్రమ్, స్నేర్‌తో తాళం నిలబెడితే రెండోవారు టామ్స్, సింబల్స్‌తో రంగులద్దుతారు. ఇద్దరూ ఒకే వరస వాయిస్తే రెట్టింపు బలం వస్తుందనుకోవడం పొరపాటు, రెట్టింపు గందరగోళం వస్తుంది.

ఎంత పేరున్నవాళ్లైనా సాధన లేకుండా ఇది కుదరదు. లైవ్ ఎయిడ్ రోజునే ఫిల్ కాలిన్స్ లండన్‌లో పాడి, కాంకర్డ్ విమానంలో అట్లాంటిక్ దాటి, అదే కార్యక్రమం రెండో వేదిక ఉన్న ఫిలడెల్ఫియా చేరి, లెడ్ జెపెలిన్ బ్యాండులో మిగిలినవాళ్లతో డ్రమ్స్ మీద కూర్చున్నాడు. పక్కన రెండో సెట్టు మీద టోనీ థాంప్సన్. ఇద్దరూ ఉద్దండులే. ఇద్దరూ కలిసి సరిగా సాధన చేసింది లేదు. ఆ ప్రదర్శన ఎలా తేలిపోయిందో బ్యాండు వాళ్లే తర్వాత చెప్పుకుని బాధపడ్డారు.

షో అయిపోయాక స్టేజీ వెనక దృశ్యం అన్నిచోట్లా ఒకటే. అరడజను నల్ల సింబల్ సంచులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ఏది ఎవరిదో ఫోన్ లైటు వేస్తే గానీ తెలియదు. నా సంచికి పసుపు టేపు చుట్టాను. లోపలి చిన్న డబ్బాలో క్లచ్‌లు రెండు పెట్టుకుంటున్నాను, ఒకటి నాకు, ఒకటి స్టేజీ మీద నుంచి అరిచేవాడికి. రెండోది పోయిన నెల ఒక కుర్రాడికిచ్చాను. అతనూ సింబల్స్‌తో పాటే సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.